పాతయింటి నెమ్మువాసన

శ్రావణమాసము వచ్చినది. వరలక్ష్మీవ్రతమునకై పెట్టెలలోని పట్టుచీరలు వెలికి వచ్చు దినము లివి. మూత యెత్తగానే కర్పూరపు పరిమళమునకు మారుగా తడిసిన గోనెసంచి వాసన ముక్కునకు తగులుట మనలో ననేకులకు అనుభవమే. వెంటనే చీరను గాలికి ఆరవేయుదుము. పెట్టెలో నాలుగు కలరా ఉండలు పడవేయుదుము. పండుగ సందడిలో ఆ మాట మరచిపోవుదుము. మరుసటి యేడు మూత యెత్తునప్పటికి ఆ వాసన మరల సిద్ధముగా నుండును.

ఈ నెల ఈ శీర్షికలో ఆ నెమ్మువాసనను గూర్చియే ముచ్చటింపదలచితిమి. ఇది చిన్న సంగతివలె దోచును గాని చిన్నది గాదు. దీనివలన చీరలును పుస్తకములును చెడుట యొక నష్టము. ఇంటిలోని పసివారికిని ముసలివారికిని దగ్గును ఉబ్బసమును ముదురుట అంతకంటె పెద్ద నష్టము. ఈ రెంటికిని తోడు మరియొకటి కలదు. ఇల్లు వాసన కొట్టినచో లోకము ముందుగా ఇల్లాలి మొగము చూచును. "ఆమెకు శుభ్రము తక్కువ" యను మాట నోట వచ్చినను రాకున్నను చూపులలో నుండును. గడచిన కార్తికమాసమున మేము కన్నులార చూచిన యొక యింటి సంగతి చెప్పినచో ఈ మూడును బోధపడగలవు.

మా పినతల్లి కొమార్తెను కొత్తపేట ప్రాంతమున నొక గ్రామమున కిచ్చిరి. వారిది మండువా లోగిలి. నడుమ ఆకాశము కనబడు మండువా, దానికి నాలుగువైపుల వసారాలు, వాని వెనుక గదులు, పైన గూనపెంకుల కప్పు, వీధివైపున ఎత్తయిన అరుగులు. గోడలు ఇటుకతోను సున్నముతోను రెండడుగుల మందమున కట్టినవి. 1986 ఆగష్టులో వచ్చిన గోదావరి పెద్దవరదను చూచిన యిల్లు. 1996 నవంబరు 6వ తేదిని కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన తుపానును చూచిన యిల్లు. ఆ రెంటికిని చలింపలేదు.

మేము వెళ్లిన మరునాటి యుదయమున మా చెల్లెలు పెరటి నూతియొద్ద నిలిచి పైటచెంగుతో కన్నులు తుడుచుకొనుచుండెను. కారణ మడుగగా మొదట చెప్పలేదు, తరువాత చెప్పినది. నైరృతి మూలగదిలో రెండేండ్లనుండి యొక వాసన పుట్టినదట. ఆ గది అత్తగారిది. ఆమె మంచమును, పెండ్లినాటి భోషాణమును అందే యుండెడివి. ఆమెకు ఉబ్బసము. వానలు పట్టినది మొదలు రాత్రులు దగ్గుతో మంచముపై కూర్చుండియే తెల్లవార్చుచుండెను. చూడవచ్చిన చుట్టములు గడపలోనే ఆగి ముక్కు చిట్లించుచుండిరి. ఒకనాడు వారి యెదుటనే అత్తగారు, "ఇల్లు నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి వాసన ఎరగం" అనినదట. ఆ మాట మా చెల్లెలి మనస్సున ముల్లువలె నాటుకొనెను. మా మరిదిగారు మరియొక దారి త్రొక్కిరి. ఇల్లంతయు పడగొట్టి డాబా కట్టింతమని తాపీమేస్త్రిని పిలిపించి లెక్కలు వేయించుచుండిరి.

మా చెల్లెలు చేయని పని లేదు. వారమునకు రెండుమార్లు గది కడిగినది, ఫినాయిలు పోసినది, రెండుపూటల సాంబ్రాణిధూపము వేసినది, ఎలుక చచ్చినదేమో యని అటకపై సామాను దింపించినది, పరుపులో దూది మార్పించినది. గోడ మొదట పెచ్చులు రాలుచున్నవని నిరుడు నడుమెత్తువరకు సిమెంటు పూయించిరి. దసరాకు ముందు దానిపై నిగనిగలాడు ఆయిలు రంగు వేయించిరి. నెల్లాళ్లు వాసన తెలియలేదు. దీపావళినాటికి రంగు బొబ్బలెక్కి, వాసన రెట్టింపయ్యెను.

"ఇన్ని చేసితివి గాని, అది యెక్కడనుండి వచ్చుచున్నదో వెదకితివా?" యని యడిగితిమి.

"వాసనని వెతకడమేమిటి అక్కయ్యా? గదంతా అదే కదా!" అనెను.

మనమందరము పొరబడునది ఇచ్చటనే. వాసన గదియంతయు నిండియుండవచ్చును గాని అది పుట్టుచోటు ఒకటి యుండును. తొలకరివాన పడినప్పుడు నేలనుండి లేచు కమ్మని వాసన మన కందరకు ప్రియమైనది. ఉత్తరదేశమున కన్నౌజు పట్టణమువారు కాల్చిన మట్టినుండి ఆ పరిమళమును బట్టీలో దింపి అత్తరుగా అమ్ముదురు. ఆ మట్టివాసనకు ముఖ్యకారణమైన పదార్థమును నేలలోని సూక్ష్మజీవులు పుట్టించును. 1965లో దానికి జియోస్మిన్ అని పేరిడిరి. గ్రీకుభాషలో భూమివాసన యని యర్థము. లక్షకోట్ల పాళ్ల నీటిలో నాలుగైదు పాళ్లున్నను మనుష్యుల ముక్కు దానిని పసికట్టగలదు. తడిసిన గోడపై పెరుగు సూక్ష్మజీవులును, బూజును ఇట్టి వాసనలనే విడుచును. ఆరుబయట ఆనందము గలిగించు వాసన యింటిలో హెచ్చరిక యగుట ఇందువలననే.

బూజునకు విత్తనమువంటి రేణువులు గాలిలో నెల్లప్పుడు నుండును. దుమ్ము, కాగితము, కొయ్య, బట్ట — ఏదైనను దానికి ఆహారమే. అవి లేని యిల్లు లేదు. బూజునకు కరవైనది తడి యొక్కటే. తడి దొరకిననాడు అది పెరుగును. కనుక సాంబ్రాణితో వాసనను, రంగుతో మరకను గప్పుట, పొయ్యి ఆర్పక పొంగుచున్న పాలకు మూతపెట్టుట వంటిది. గది కడుగుట అంతకంటెను పొరబాటు. ఉన్న తడికి మరికొంత తడి చేర్చినట్లయినది. నెమ్ముకంపు ఇల్లాలి యశుభ్రతకు గుర్తు కాదు. ఎక్కడనో నీరు దారి తప్పినదని చెప్పు కబురు. ఆ నీటిని వెదకిపట్టుటయే పని.

ముందుగా ముక్కునకు విశ్రాంతి నీయవలెను. ఒకే వాసనలో కొంతసేపున్న ముక్కు దానిని మరచిపోవును. ఇంటివారికంటె చుట్టములకు వాసన ముందుగా తెలియుట అందువలననే. ఆ రాత్రి గదుల తలుపులన్నియు మూయించితిమి. తెల్లవారుజామున పెరటిలో కొంతసేపు తిరిగివచ్చి, ఒక్కొక్క తలుపు తీసి లోపల అడుగిడితిమి. పడమటి గదిలో లేదు. వంటయింటిలో లేదు. ధాన్యపు కొట్టులో వడ్ల వాసనయే గాని ఇది లేదు. మూలగదిలో మాత్రము నిండుగా నున్నది. అంతట ఆ గదిలోనే పైనను క్రిందను పరీక్షించితిమి. ఎత్తుపీటపై నిలిచి అటకయొద్ద వాసన చూచితిమి. నేలపై కూర్చుండి గోడమొదట వాసన చూచితిమి. పైన తక్కువ, క్రింద ఎక్కువ.

ఈ యొక్క పరీక్షతో అటకపై నున్న నింద తొలగెను. కోనసీమ యిండ్లలో కొబ్బరికాయలను అటకలపై నెలల తరబడి నిలువయుంచి కురిడీలు చేయుట యందరు నెరిగినదే. అంబాజీపేట బజారునకు పేరు దెచ్చినది ఆ కురిడీయే. అత్తగారి యనుమానము మొదటినుండియు ఆ కాయలపైన నుండెను. చెడిన కాయ ఒకటి రెండు దొరకకపోలేదు. కాని దాని వాసన నూనె ముక్కిన వాసన, ఇది వేరు.

ఇచ్చట వాసనల భేదము చెప్పుట మంచిది. ఎలుక చచ్చినచో రెండుమూడు దినములలో దుర్గంధము దుస్సహమై, కొన్ని వారములకు దానంతట నదే తగ్గును. మురుగు గొట్టమునుండి వచ్చునది మురిగిన కోడిగ్రుడ్డు వాసన. ఎవరును వాడని స్నానపుగదిలో గొట్టపు వంపున నిలుచు నీరు ఎండిపోయినచో అట్లుండును. రెండు చెంబుల నీరు పోసి చూచినచో తెలియును. తడిమట్టి, గోనెసంచి, పాతపుస్తకము — ఈ మూటిలో నేదేని తలపునకు వచ్చినచో అది నెమ్మువాసన. వాన దినములలో హెచ్చి, పొడిగాలి వీచు దినములలో తగ్గుట దాని స్వభావము.

తరువాత నలుగురు కలిసి భోషాణమును గోడనుండి జరిపిరి. దాని వెనుకపలక యంతయు బూడిదవన్నె బూజు పట్టియుండెను. లోపల అత్తగారి మధుపర్కములు, ఆమె తల్లి పెట్టిన పట్టుచీర, పాత లెక్కల పుస్తకములు నుండెను. పట్టుచీర మడతలపై నల్లని చుక్కలు పడియుండెను. అత్తగారు ఆ చీరను ఒడిలో పెట్టుకొని చాలసేపు మాటాడలేదు. ఎవరికిని మాట రాలేదు.

"దొంగ దొరికింది. ముందు ఈ పెట్టె అవతల పారేయించండి" అనిరి మరిదిగారు. మేము వలదంటిమి. భోషాణము దొంగ గాదు, దొంగచేత దెబ్బతిన్నది. గోడ కానించి యుంచుటచే దాని వెనుక గాలి యాడక, గోడలోని తడి కొయ్యకు పట్టినది. మరి గోడకు తడి యెక్కడిది?

ఇంటిలోనికి తడి మూడు దారుల వచ్చును. పైనుండి కారునది మొదటిది. పెంకు జరిగినచోటనో, రెండు కప్పులు కలియుచోట నమర్చిన రేకు దోనె తుప్పుపట్టినచోటనో నీరు దిగును. మరక గోడ పైభాగమున నుండును. క్రిందినుండి యెక్కునది రెండవది. దీపపు వత్తిలో నూనె యెక్కునట్లు నేలలోని నీరు ఇటుకలోని సన్నని రంధ్రములగుండ పైకెక్కును. నీరు గాలిలో గలిసిపోవగా దానితో వచ్చిన ఉప్పు గోడపై తెల్లని పొడియై మిగులును. చౌడు పట్టినదని మనవా రనునది దీనినే. గాలినుండి చెమర్చునది మూడవది. మూసిన గదిలో తడిబట్ట లారవేసినను, వంటయావిరి బయటికి పోకున్నను, చల్లని గోడపై ఆ తేమ నీరుగా మారును. దానికి ఉప్పుపొడి యుండదు.

మా చెల్లెలి యింట భోషాణము వెనుక, నేలకు రెండు మూరల యెత్తున, సిమెంటు పూత పైయంచును దాటి, అలవలె నొక మరక కనబడెను. దానిపై ఉప్పుపొడియు నుండెను. అయినను కంటికి తోచినదే నిశ్చయ మనుకొనరాదని మరియొక పరీక్ష చేసితిమి. ఇది యెవరైనను చేయదగినది. మందపు ప్లాస్టిక్కు కాగితమును జానెడు చదరపు ముక్కలుగా కత్తిరించి, ఒకటి యనుమానపు గోడకును, ఒకటి పొడిగోడకును, నాలుగంచులను గాలి చొరకుండ అంటించి రెండుమూడు దినములుంచవలెను. గదివైపున చెమ్మ పట్టినచో అది గాలిలోని తేమ. గోడవైపున పట్టినచో గోడలోని తేమ. మూడవనాడు చూడగా మూలగది కాగితమునకు గోడవైపున ముత్యములవలె నీటిబొట్లు నిలిచియుండెను. పడమటి గది కాగితము రెండువైపుల పొడిగానే యుండెను.

"కోనసీమలో నేలయడుగున నీరులేని చోటెక్కడ?" అని పాఠకసోదరీమణు లడుగవచ్చును. అది నిజమే. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయముచే చీలి, సముద్రమువరకు పరచుకొన్న ఈ సీమ యంతయు గోదావరి తెచ్చిన ఒండ్రునేల. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలును పంటబోదెలును ఊరూర పారినవి. నూతులలో నీరు కొద్దిలోతుననే యందును. వేసవిలో కాలువలు కట్టినప్పుడు ఆ నీరు దిగును. మరల వదలినప్పుడు ఎక్కును. అందుచేతనే మా చెల్లెలిని, "కాలువలు కట్టిన నెలలలో వాసన పోవుచున్నదా?" యని యడిగితిమి.

"పోదు అక్కయ్యా. తగ్గుతుంది గాని, ఎండాకాలంలోనూ సన్నగా ఉంటూనే ఉంటుంది. వాన పడితే మాత్రం మర్నాటికి ఎక్కువవుతుంది" అనెను.

ఈ మాట మాకు దారి చూపెను. నేలనీరే కారణమైనచో అన్ని గదుల గోడలు నొక్కరీతిగానే యుండవలెను. కాలువలతోపాటు వాసనయు పెరిగి తరుగవలెను. ఒక్క మూలకే వచ్చినదనగా ఆ మూలకు వేరుగా నీరు చేరుచున్నది. వానతో హెచ్చినను ఎండలలో పూర్తిగా పోలేదనగా, వాననీటితోపాటు ప్రతిదినము ఇంటిలో వాడు నీరును అందు గలియుచున్నది.

బయటికి వెడలి గోడవెంట నడిచితిమి. మూలగది వెనుక నొక సందు కలదు. అందు రెండేండ్ల క్రిందట క్రొత్త సిమెంటు బాట వేసిరట. పాతబాటను త్రవ్వక దానిమీదనే వేయుటచే నేల జానెడున్నర లేచినది. ఒకప్పుడు పెరటిగుమ్మమునుండి మూడు మెట్లు దిగి సందులోనికి పోవువారు. ఇప్పుడొక్క మెట్టే మిగిలినది. మన పల్లెలలో నెక్కడ చూచినను ఇదే వరుస. బాటలు పెరుగుచున్నవి, పాతయిండ్లు క్రుంగినట్లు కనబడుచున్నవి. వాసనకు రెండేండ్లు, బాటకును రెండేండ్లు!

"ఈ గోడక్రింద తూము ఏమైన నున్నదా?" యని యడిగితిమి. మరిదిగారు లేదనిరి. మేస్త్రియు లేదనెను. అప్పుడు వసారాలో చాపపై కూర్చున్న అత్తగారు తల యెత్తి యిట్లనిరి:

"ఎందుకు లేదూ? మండువా నీళ్లన్నీ ఆ గదికిందనుంచే సందులోకి పోయేవి. మా మామగారు ఉన్నన్నాళ్లూ మృగశిర కార్తెకి ముందు, పొడుగాటి వెదురుకర్రకి గోనె చుట్టి తూమంతా పొడిపించేవారు. ఆయనతోనే ఆ పనీ పోయింది."

"ఈ మాట ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యగారూ?" అనెను మా చెల్లెలు.

"నన్నెవరడిగారే?" అనిరి ఆమె.

మండువాలో కాళ్లు కడుగుకొను నీరును, పాత్రలు కడుగు నీరును, నాలుగు కప్పులనుండి జారు వాననీరును అన్నియు పోవునది ఆ తూములోనికే. వెంటనే రెండు బిందెల నీటిలో బట్టల నీలిమందు కలిపి తూములో పోయించితిమి. పిల్లలను సందులో కావలి యుంచితిమి. గంట గడచినను ఒక్క చుక్క నీలినీరు బయట కనబడలేదు. పోసిన నీరు మెల్లమెల్లగా లోపలనే యింకిపోయెను.

మరునాడు పనివానిని పిలిపించి సందువైపున గోడమొదట త్రవ్వించితిమి. అడుగు లోతు పోగానే, "ఆయ్, ఇక్కడుందండి అమ్మగారూ!" అని కేక వేసెను. బాటకు పోసిన సిమెంటు తూమునోటిని నిలువున గప్పివేసినది. దానిని పగులగొట్టగానే నీలిచాయ గలిసిన నల్లనీరు బుడబుడ వెడలెను. ఇంటిల్లిపాదియు ముక్కులు మూసికొనిరి. రెండేండ్లుగా ఆ గది నేలక్రింద నిలిచిన నీరది. పాత తూము ఇటుకల సందులనుండి పునాదిలోనికి ఊరి, గోడవెంట ఎక్కుచుండెను. మామూలుగా సున్నపు గోడ తాను పీల్చిన తడిని గాలికి విడిచి ఆరును. నిరుడు వేసిన సిమెంటు పూతయు, ఈ యేటి ఆయిలు రంగును ఆ దారిని మూసివేసినవి. బయటికి పోలేని తడి మరింత పైకెక్కినది. మందే రోగమును పెంచెను.

అత్తగారు సందుగుమ్మమువరకు మెల్లగా నడిచివచ్చి ఆ నీటిని చూచిరి. మా చెల్లెలి చేయి పట్టుకొని, "కాళ్లకింద నీళ్లు పెట్టుకుని నిన్నన్నానమ్మా" అనిరి. మా చెల్లెలు బదులు చెప్పలేదు గాని, ఆ పూట వంటయింటిలో ఆమె మెల్లగా పాడుకొనుట వింటిమి.

ఇక చికిత్స. సందు ఎత్తైనది గావున నీటిని మరల అటు పంపుట పొసగదు. మండువా నీటికి క్రొత్త గొట్టము వేయించి, వాలు చూచి, పెరటి కొబ్బరిపాదులకు మళ్లించిరి. పాత తూమును శుభ్రపరచి, ఇసుకతో నింపి మూసిరి. మరకకు మూరెడు పైవరకు సిమెంటు పూతను చెక్కించిరి. ఉప్పుపొడిని పొడి కుంచెతో దులిపించిరి. నీటితో కడిగినచో ఉప్పు కరగి మరల గోడలోనికే పోవును. తరువాత చేయవలసినది ఓపిక పట్టుట. మందపు గోడ ఆరుటకు నెలలు పట్టును. కార్తికము మొదలు మాఘమువరకు తలుపులు కిటికీలు తీసి గోడను ఆరనిచ్చి, అప్పుడు సున్నమును ఇసుకయు గలిపి పూయించి, పైన వెల్లవేయించిరి. ఆయిలు రంగు వేయింపలేదు. దీని కైన వ్యయము గదిని పడగొట్టుటకగు కూలికంటెను తక్కువ. డాబా లెక్కలు వ్రాసిన కాగితము మరిదిగారి జేబులోనే నలిగిపోయెను.

బూజు పట్టిన సామానును ఇంటిలో దులుపరాదు. ముక్కునకును నోటికిని గుడ్డ కట్టుకొని ఆరుబయట దులుపవలెను. ఉబ్బసమున్నవారు ఆ దరికి రాకూడదు. కొయ్యపెట్టెను సబ్బునీట పిండిన గుడ్డతో తుడిచి నీడలో బాగుగా ఆరనీయవలెను. పట్టుబట్టలను నీడలో గాలికి ఆరవేసి, పూర్తిగా పొడియైన పిమ్మట మెత్తని కుంచెతో దులుపవలెను. పట్టునకు బ్లీచింగు తగిలింపరాదు. నేలకు బ్లీచింగు వాడువారు దానితో మరుగుదొడ్డి కడుగు ఆసిడ్డును ఎన్నడును కలుపరాదు. అందుండి వెడలు విషవాయువు ప్రాణాపాయకరము. భోషాణమును మరల గదిలో పెట్టునప్పుడు గోడకు జానెడు దూరమున, ఇటుకలపై నుంచవలెను. మా చెల్లెలింట ఇట్లే చేసిరి. కాని పట్టుచీర అంచున కొన్ని మరకలు పోలేదు. ఆలస్యముగా వెదకినందులకు అది మిగిలిన జరిమానా.

ఆరోగ్యవిషయము మరియొకమారు చెప్పవలసియున్నది. తడియు బూజును గల యిండ్లలో నివసించువారికి శ్వాసకోశబాధలు హెచ్చుననియు, ఉబ్బసము ముదురుననియు ప్రపంచారోగ్యసంస్థ 2009లో ప్రకటించిన గ్రంథమున స్పష్టముగా చెప్పబడినది. ఇంత బూజువరకు భయములేదని గీటు గీయుటకు వీలులేదనియు, తడినే నివారింపవలెననియు అందు సలహా యిచ్చిరి. కనుక వాసన తేలువరకు పసిపిల్లలను, ముసలివారిని ఆ గదిలో పరుండబెట్టకుడు. తలుపులు మూసి సాంబ్రాణిపొగ వేయకుడు. ఉబ్బసపు రోగికి ఆ పొగయు శత్రువే. ముసురు పట్టినప్పుడు బయటిగాలియే తేమతో నిండియుండును గావున, ఎండ కాసి గాలి పొడిగా వీచు వేళలను చూచి కిటికీలు తీయుట మేలు.

డాబాయిండ్లలోని సోదరీమణులు ఇది పాతయిండ్ల ముచ్చట యని పుట త్రిప్పవలదు. వారి యింట తూమునకు మారుగా గోడలో పొదిగిన నీటిగొట్టము, మిద్దెపై నీటితొట్టె, బట్టలుతుకు యంత్రపు గొట్టము, చల్లని గాలి యంత్రమునుండి కారు నీటి గొట్టము ఉండును. స్థలము మారునే గాని వెదకు వరుస మారదు. ముందు గది, తరువాత ఎత్తు, తరువాత మరక, ఆ మీదట ఆ నీటికి మూలము.

ఈ యేడు మృగశిర దాటి, ఆరుద్ర దాటి, వానలు బాగుగనే కురిసినవి. మొన్న మా చెల్లెలితో మాటాడితిమి. మూలగది గోడ పొడిగానే యున్నదట. అత్తగారి ఉబ్బసము పూర్తిగా పోలేదు గాని రాత్రులు నిద్ర పట్టుచున్నదట. వరలక్ష్మీవ్రతమునాడు ఆ మరకల పట్టుచీరనే కోడలిని కట్టుకొనుమని పెట్టెనుండి తీసి యిచ్చినదట.

సోదరీమణులారా! ఈ శ్రావణమున పెట్టె మూత యెత్తునప్పుడు వాసన తగిలినచో కలరా ఉండలకొరకు చేయి చాపకముందు పెట్టెను జరిపి వెనుకగోడ చూడుడు. అంతకు ముందుగా చేయదగిన పని యొకటి కలదు. మీ యింటిలో పెద్దవారెవరైన నున్నచో, వారియొద్ద కూర్చుండి, ఈ యింటి నీరు పూర్వ మేదారిని పోయెడిదని యడుగుడు. వారు చెప్పినది ఒక కాగితముపై వ్రాసి, తూములున్నచోట గుర్తులు పెట్టి, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచుడు.